పచ్చ తీగ మిగిల్చింది ఎవరికి?

2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఇల్లు అంటుకొని 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూట్ కావచ్చని అధికారులన్నారు. విచారణ వాళ్లు చేస్తరు. మన గోడల్లో ఏముందో మనం చూసుకోవాలె.

మన దేశంలో తీగల రంగులకో కట్టుబాటు ఉంది. ఫేజులు ఎరుపు, పసుపు, నీలం. న్యూట్రల్ నలుపు. ఎర్త్ ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చ-పసుపు చారలు. యూరప్ పద్ధతిలో నీలమంటే న్యూట్రల్, మన దగ్గర అదే ఫేజు. ఈ తేడా తెలియకుంటే ప్రాణం పోతుంది.

పాతబస్తీ అద్దె గదుల్లో ఏం జరుగుతున్నది? చుట్టలో మిగిలిన రంగే లాగుతరు. ఖర్చు తగ్గుతుందని పచ్చ తీగ ఎగ్గొడతరు. ఎర్త్ ఉంటే లీకైన కరెంటు దాంట్లోంచి పోయి ఫ్యూజు కొట్టేస్తది. లేకుంటే కూలరు రేకులో కాచుకొని కూర్చుంటది. తడిచేత్తో ముట్టిన తల్లి ఒళ్లే దానికి దారి. నల్లతీగను న్యూట్రలనుకొని పట్టిన కూలి పిల్లగాడిదీ అదే గతి. మిగిలిన పైసలు ఓనరువి, పోయిన ప్రాణం మనది!

అన్నలారా, అక్కలారా! రంగు చూసి నమ్మకండి. మెయిన్ ఆపండి, టెస్టరు పెట్టి చూడండి. అద్దె మాట్లాడేటప్పుడే అడగండి: పచ్చ తీగ ఉన్నదా? ఇది దయ కాదు, మన హక్కు.