పైపు మీద నంబరు, ఫైల్లో కాగితం

రిఫైనరీలో పైపుల పనికి వెళ్లే వెల్డర్‌కి ముందు టెస్ట్ పెడతారు. శ్రీకాకుళం, విశాఖ కుర్రాళ్లు దాన్ని సిక్స్ జీ అంటారు. పైపు ముక్కని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. దాన్ని తిప్పడానికి లేదు, మనిషే దాని చుట్టూ తిరగాలి, వంగాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి. జాయింట్ అడుగు పొరని (రూట్) టిగ్ వెల్డింగ్‌తో వేసి, పైన ఆర్క్ వెల్డింగ్‌తో నింపుతాడు. తర్వాత ఎక్స్‌రే తీస్తారు, లేదా ముక్కలు కోసి వంచి చూస్తారు. పాసైతే ఒక నంబరు ఇస్తారు. ఆ రోజు నుంచి అతను వేసిన ప్రతి జాయింట్ పక్కనా ఆ నంబరు ఉండాల్సిందే. రేపు అక్కడ తేడా వస్తే వేసిందెవరో తెలియాలి కదా.

నంబరు పైపు మీద ఉంటుంది. టెస్ట్ కాగితం మాత్రం కంపెనీ క్వాలిటీ సెక్షన్ ఫైల్లో ఉంటుంది. పనైపోయి ఇంకో కంట్రాక్టర్ దగ్గరికి వెళ్లేవాడు "ఒక జెరాక్స్ ఇప్పించండి సార్" అంటే, "అది కంపెనీ రికార్డు, బయటికివ్వం" అంటారు.

ఆ జవాబులో సగం న్యాయం ఉంది. ఈ టెస్టులు ఎక్కువగా అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఏఎస్ఎంఈ కోడ్ తొమ్మిదో సెక్షన్ ప్రకారం జరుగుతాయి. వెల్డర్‌ని పరీక్షించే బాధ్యతని ఆ కోడ్ కంపెనీ మీదే పెట్టింది. ఒకరు పాస్ చేసిన మనిషిని ఇంకొకరు కళ్లు మూసుకుని తీసుకోనక్కర్లేదు. ఆరు నెలలు ఆ రకం వెల్డింగ్ ముట్టకపోతే ఉన్న కంపెనీలోనే అర్హత పోతుంది. అందుకే కొత్తచోట మళ్లీ టెస్ట్ పెడితే నేను తప్పుపట్టను. నా పేచీ అంతా నకలు దగ్గరే. టెస్ట్ పెట్టింది కంపెనీయే, ఒప్పుకుంటాను. పాసైంది ఎవరు?

నకలు లేకపోతే, గల్ఫ్ ఇంటర్వ్యూలో ఏళ్ల తరబడి చేసిన పని నోటిమాటగా మిగిలిపోతుంది. అప్పుడు మేస్త్రీ ఫోన్లో చెప్పే సిఫారసే సర్టిఫికెట్. వెల్డర్లకి మేస్త్రీ అంటే అంత భయమెందుకో వేరే చెప్పాలా?

చట్టం ఏమంటోందో చూద్దాం. సర్వీసు ముగిసినప్పుడు సర్టిఫికెట్ పొందే హక్కు 1946 నాటి మోడల్ స్టాండింగ్ ఆర్డర్లలోనే (సర్వీసు నిబంధనల నమూనాలో) రాశారు, కానీ పర్మనెంట్ కార్మికుడికి. ఆ ఒక్క మాట దగ్గరే మన కంట్రాక్టు వెల్డర్ ఆగిపోయాడు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకి తమ ఆరోగ్య రికార్డులు చూసుకునే వీలు కల్పించారు. ఒంట్లోకి ఏం పోయిందో తెలుసుకునే హక్కు వచ్చింది గానీ, చేతికి ఏ పని వచ్చో రుజువు చేసుకునే హక్కు రాలేదు. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి, మానేసినవాడికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. టెస్ట్, శిక్షణ రికార్డులకి మాత్రం అలాంటి గడువేదీ పెట్టలేదు.

కొన్ని ప్రైవేటు కాలేజీలు, ఆస్పత్రులు ఇంకో అడుగు ముందుకేసి లెక్చరర్లవీ నర్సులవీ ఒరిజినల్సే బీరువాలో పెట్టుకుంటాయి. చదువుకునే పిల్లల ఒరిజినల్స్ పట్టి ఉంచకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. పాఠం చెప్పేవాళ్లకి ఆ మాత్రం మర్యాద దక్కొద్దా?

"మేం డబ్బు పోసి నేర్పిస్తే పక్కవాడు ఎగరేసుకుపోతాడు" అన్నది యాజమాన్యాల బాధ. అది ఉత్తుత్తి బాధేం కాదు. కానీ దానికి దారి వేరే ఉంది. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షల రూపాయలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తీర్పిచ్చింది. అలాంటి బాండ్లన్నీ న్యాయమైనవని నేననను. అయినా ఖర్చు రాబట్టుకోవడానికి కోర్టు ఒప్పుకునే పద్ధతి ఒకటున్నప్పుడు, మనిషి కాగితాలు తాకట్టు సరుకులా పట్టుకు కూర్చోవడం దేనికి?

నకలు ఇస్తే దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయని క్వాలిటీవాళ్లు అంటారు. నిజమైన నకలు దొరకని చోటే కదా దొంగదానికి గిరాకీ! ఐటీఐ సర్టిఫికెట్ డిజిలాకర్‌లోకి ఎక్కింది. వెల్డర్ టెస్ట్ షీటు కూడా ఎక్కిస్తే ఎక్కడున్నవాడైనా సరిచూసుకుంటాడు.

అందాకా రిఫైనరీలు, విద్యుత్ సంస్థలు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. కంట్రాక్టర్ బిల్లు పాస్ చేసే ముందు పీఎఫ్ చలాన్లు ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు, ప్రతి కార్మికుడికీ టెస్ట్, శిక్షణ రికార్డుల నకలు ముట్టినట్టు అతని సంతకం కూడా అడగాలి. ఆ సంతకాల కాగితం లేకుండా చివరి బిల్లు కదలదని టెండర్‌లోనే రాస్తే, ఇన్నాళ్లూ దొరకని జెరాక్స్ మెషీన్ కంట్రాక్టర్లకి మర్నాడే దొరుకుతుంది.