సరుకు లేని కొట్టు

డ్రాప్‌షిప్పింగ్ అంటే చేతిలో సరుకు లేకుండా అమ్మడం. అమ్మేవాడు ఒక వెబ్‌సైట్ తెరుస్తాడు. ఎక్కడో టోకు వ్యాపారి గోదాములో ఉన్న వస్తువు ఫొటో పెట్టి, తన లాభం కలుపుకుని ధర రాస్తాడు. ఆర్డరు పడ్డాకే ఆ వస్తువుకు డబ్బు కడతాడు. పార్సిలు గోదాము నుంచి నేరుగా కొన్నవారి గుమ్మంలోకి వెళుతుంది. మధ్యలో ఉన్న మనిషి దాన్ని కళ్లతో చూడడు కూడా.

ఇంతవరకూ తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి అమ్మే టిక్కీలు (మిర్చి బస్తాలు) అతనివి కావు, రైతువి. అయినా ఆ వ్యాపారాన్ని ఎవరూ మోసం అనరు. అతనికి లైసెన్సు ఉంటుంది, కొట్టు ఉంటుంది, లెక్కలో తేడా వస్తే ఎవరి కొట్టు ముందు కూర్చోవాలో రైతుకు తెలుసు. అమెరికాలో జాపోస్ అనే చెప్పుల సంస్థ 1999లో మొదలైనదీ ఇలాగే. దుకాణాల్లో బూట్లకు ఫొటోలు తీసి నెట్‌లో పెట్టడం, ఆర్డరు వస్తే అదే దుకాణంలో కొని పంపడం. అయితే ఆ సంస్థే 2003లో డ్రాప్‌షిప్పింగ్ మానేసి సొంత గోదాములోని సరుకే అమ్మడం మొదలుపెట్టింది. ఇతరుల గోదాములో సరుకు నిజంగా ఉందో లేదో, ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పలేనప్పుడు కొన్నవాడికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కుదరదని తెలిసొచ్చింది.

భారతదేశంలో ఈ వ్యాపారాన్ని నిషేధించే చట్టం లేదు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు మాత్రం అమ్మేవాడి నుంచి చాలా కోరతాయి. సంస్థ అసలు పేరు, చిరునామా, సరుకు ఏ దేశంలో తయారైందన్న వివరం ముందే చెప్పాలి. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. సరుకు లోపంతో వచ్చినా, ప్రకటనలో చూపించినదానికి పొంతన లేకపోయినా వెనక్కి తీసుకోనని అనకూడదు. తానే కొనుగోలుదారునన్నట్టు నటించి సమీక్షలు రాసుకోకూడదు. కొన్ని మినహాయింపులు తప్ప, రాష్ట్రం దాటి సరుకు అమ్మేవాడికి మొదటి రూపాయి నుంచే జీఎస్టీ నమోదు తప్పనిసరి. వీటిని పాటించేవాడిది న్యాయమైన వ్యాపారం. వాట్సాప్ నంబరు తప్ప మరే ఆనవాలూ లేని సైట్లు వీటిలో దేన్నీ పాటించవు. ఆ అడ్రసు లేనితనమే అసలు జబ్బు.

చైనా నుంచి చౌక వస్తువులు తెప్పించే దారి కూడా ఇరుకైంది. విదేశాల నుంచి ‘బహుమతి’ పేరుతో 5,000 రూపాయల లోపు పార్సిళ్లు సుంకం లేకుండా వచ్చే వెసులుబాటును 2019 డిసెంబరులో కేంద్రం తీసేసింది. 2020 నవంబరులో చైనా ఆన్‌లైన్ అంగడి అలీ ఎక్స్‌ప్రెస్‌ను నిషేధించింది. అమెరికా కూడా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఇచ్చే సుంకం మినహాయింపును 2025 మే 2న చైనా సరుకుకు, ఆగస్టు 29న మిగతా దేశాల సరుకుకు రద్దు చేసింది. పాత వీడియోలు చూసి ఈ వ్యాపారంలోకి దిగేవారు ఎప్పుడో మూసేసిన దారిలో నడుస్తున్నారు.

ఇక ఆదాయం. ఉదాహరణకు 180 రూపాయల వస్తువును 599కి అమ్మారనుకుందాం. నూరు ఆర్డర్లు వచ్చాయి. క్యాష్ ఆన్ డెలివరీలో 30 పార్సిళ్లు ఎవరూ తీసుకోక తిరిగొచ్చాయి. చేతికొచ్చేది 41,930 రూపాయలు. ఆర్డరుకు 150 చొప్పున ప్రకటనల ఖర్చు 15,000. అమ్ముడైన 70 వస్తువులకు 12,600. పంపడానికి 80 చొప్పున 8,000, తిరిగొచ్చినవాటికి 60 చొప్పున 1,800. మిగిలింది 4,530. కట్టిన పన్నులో వెనక్కి వచ్చేది పోను జీఎస్టీకి ఇంకో 700 దాకా తీసేస్తే నాలుగు వేల లోపే. యాప్ చందాలు, చెడిపోయిన పార్సిళ్లు, అర్ధరాత్రి ఫోన్లు ఈ లెక్కలో లేవు. శ్రమకు తగ్గ ఆదాయం కొందరికి వస్తుంది. ‘నిద్రపోతున్నా డబ్బు వచ్చే’ పని మాత్రం ఇది కాదు.

ఆ మాట చెప్పి బతికేది కోర్సులు అమ్మేవారు. డ్రాప్‌షిప్పింగ్ గురించి నిజాయితీగా మాట్లాడాలంటే ఎక్కువ మాట్లాడాల్సింది వీరి గురించే. డిగ్రీ అయి ఉద్యోగం లేని పిల్లవాడి ఫోన్‌లోకి తెలుగులోనే వచ్చి, ఒక స్క్రీన్‌షాట్ చూపిస్తారు. అందులో ఉన్నది అమ్మకం మొత్తం, లాభం కాదు. పైన లెక్కలో 41,930 కనిపిస్తుంది, నాలుగు వేలు కనిపించదు. పైగా ఒక వస్తువు బాగా పోతోందని వెయ్యిమందికి చెబితే ఆ వెయ్యిమందీ అదే వస్తువుకు, అదే ఫేస్‌బుక్ ప్రకటనల వేలంలో పోటీ పడతారు. ప్రకటన ధర పెరుగుతుంది, వస్తువు ధర పడుతుంది. రహస్యం నిజమే అయినా అమ్మిన రోజే చచ్చిపోతుంది. ఫీజు మాత్రం గురువు ఖాతాలోకి ముందే చేరిపోతుంది. ఇంకొందరిని చేర్పిస్తే కమీషన్ అనే షరతు కూడా ఉంటే అది వ్యాపార శిక్షణ కాదు, గొలుసుకట్టు. అలాంటి డబ్బు చలామణీ పథకాలను 1978 చట్టం నిషేధించింది. ‘దుకాణం మేమే నడిపి లాభాలు పంపిస్తాం’ అంటూ 2.2 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశారన్న ఆరోపణపై ఆటోమేటర్స్ అనే సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 ఆగస్టులో కేసు వేసింది. తెలుగు నేల మీద గురువులను అలా నిలదీసే చురుకుదనం కనిపించడం లేదు. అప్పుచేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులు పరువుకు జడిసి బయటికి చెప్పుకోరు.

సరుకు చూడకుండా అమ్మే అలవాటు చేనేతవారినీ దెబ్బ తీస్తోంది. తెలుగు ఇళ్లలో ఈ వ్యాపారం డ్రాప్‌షిప్పింగ్ అనే పేరుతో రాలేదు, చీరల రీసెల్లింగ్‌గా వచ్చింది. 2015లో మొదలైన మీషో వంటి వేదికలు, వాట్సాప్ గ్రూపులు ఎందరో గృహిణులకు సొంత సంపాదన చూపించాయి. అది మంచిదే. కానీ ఆ గ్రూపుల్లో తిరిగే ‘పోచంపల్లి’ ఫొటోలన్నీ పోచంపల్లివి కావు. పోచంపల్లి నేత పద్ధతి ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే అసలు చీరకు రెండువైపులా నమూనా దాదాపు ఒకేలా ఉంటుంది, నమూనా అంచుల దగ్గర రంగు కొంచెం చెదిరి ఉంటుంది. అచ్చువేసిన చీర వెనకవైపు వెలిసినట్టుంటుంది. కొట్లో అయితే చీరను ఒకసారి తిరగేస్తే చాలు, తెలిసిపోతుంది. ఫొటోను తిరగేయడం కుదరదు. అమ్ముతున్న ఇల్లాలికీ అది తెలియదు, ఆమె కూడా ఫొటోనే చూసింది. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు ఇలా అచ్చు గుడ్డకు అంటుకుంటే, కుటుంబమంతా రోజుల తరబడి కూర్చుని నేసిన చీర వేలల్లో ఎందుకుందని కొనేవారు బేరమాడతారు. చేనేత మార్కు 2006 నుంచీ ఉన్నా, ఆ ఫొటోల పక్కన దాని సంగతి అడిగేవారు అరుదు.

ఈ-కామర్స్ నిబంధనలు సరుకు ఏ దేశానిదో చెప్పమంటాయి. సూరత్‌లో అచ్చువేసినా, భూదాన్ పోచంపల్లిలో మగ్గం మీద నేసినా తయారీ దేశం గడిలో రాసేది ‘భారతదేశం’ అనే. చీరల వరకైనా చేనేతా, మరమగ్గమా, అచ్చా అని తెలిపే మరో గడి అక్కడ చేర్చాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, 2020 నిబంధనలకు ఒక సవరణ చాలు.