మాయా శిథిలాలు చూడబోయే పెద్దలకు

“డాక్టరుగారూ, మా అమ్మాయి డాలస్‌లో ఉంటోంది. మేము అక్కడికి వెళ్ళినప్పుడు అందరం కలిసి మెక్సికోలోని కాంకూన్‌లో నాలుగు రోజులు రిసార్టులో ఉండాలనీ, అందులో ఒకరోజు చిచెన్ ఇట్సా శిథిలాలు చూసి రావాలనీ పిల్లలు ఏర్పాటు చేస్తున్నారు. నాకు 66 ఏళ్ళు, మధుమేహం ఉంది. మావారికి 71, రక్తపోటుకు మాత్రలు వేసుకుంటారు. మేము వెళ్ళవచ్చునా, లేక పిల్లల్ని పంపి గదిలో కూర్చోవడమే మంచిదా?” అని ఒక సోదరి రాశారు.

నిక్షేపంగా వెళ్ళవచ్చునమ్మా. అయితే ముందుగా ఒక సంగతి చెబుతాను, వినండి.

నా దగ్గర వైద్యం చేయించుకునే ఒక ఉపాధ్యాయుని భార్య ఈ యాత్రే చేసి వచ్చారు. దారిలో బస్సు ఆపించవలసి వస్తే అల్లుడి ముందు బాగుండదని, పొద్దుటినుంచీ ఆమె నీళ్ళు ముట్టలేదు. రక్తపోటుకు వాడే, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర మాత్రం మరిచిపోకుండా వేసుకున్నారు. మిట్టమధ్యాహ్నం పిరమిడ్ ఎదుట కళ్ళు తిరిగి పడిపోయారు. మణికట్టు విరిగింది. “నీళ్ళ సీసా చేతిలోనే ఉంది డాక్టరుగారూ” అని తర్వాత నాతో అన్నారు.

వయసు పైబడిన కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినా నోరు అడగదు. దానికి చెమట, మాత్ర తోడైతే నిలబడగానే రక్తపోటు పడిపోతుంది. కనుక దాహం కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి తాగాలి. ఎండలో తిరిగేటప్పుడు అరగంటకొక గ్లాసు చొప్పున తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బువల్ల నీళ్ళు తగ్గించమని చెప్పినవారు మాత్రం ఎంత తాగవచ్చో తమ డాక్టరును అడగాలి. ఆ రోజు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కూడా ఆయననే అడగండి. సొంతంగా మానేయవద్దు. శిథిలాల ప్రవేశద్వారం దగ్గర మరుగుదొడ్లు ఉన్నాయి. లోపలికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వెళితే ఇబ్బంది ఉండదు.

ఇక ప్రయాణం. కాంకూన్ నుంచి చిచెన్ ఇట్సా సుమారు 200 కిలోమీటర్లు. కారులో రెండున్నర గంటలు పడుతుంది. ఉదయం 8 గంటలకు తలుపులు తీస్తారు. ఇక్కడొక చిక్కుంది. కాంకూన్ గడియారం చిచెన్ ఇట్సా గడియారం కన్నా ఒక గంట ముందు ఉంటుంది. మీరు ఆరున్నరకు బయలుదేరి తొమ్మిదికి చేరితే అక్కడ ఎనిమిదే. ఎండ ముదరకముందే చూసి రావచ్చు. రెండు గంటలు చాలు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ ఎండలు తీవ్రం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలు, రాత్రి సమానమయ్యే రోజుల్లో పిరమిడ్ మెట్లమీద పాములాంటి నీడ పడుతుందని జనం విరగబడతారు. గుండెజబ్బు ఉన్నవారు ఆ రోజులు మానుకోవాలి.

మధుమేహం ఉన్నవారు చేతిగడియారం కాంకూన్ వేళలోనే ఉంచి, దాని ప్రకారమే తినాలి. బస్సువాళ్ళు దారిలో దుకాణాల దగ్గర ఆపి, ఒంటిగంటకు భోజనం పెడితే మీ ఒంటికి అది రెండు గంటల వేళ! ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారికి ఈ ఆలస్యం ప్రమాదం. చెమట, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార గానీ, అరగ్లాసు పళ్ళరసం గానీ ఇవ్వాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తగ్గాక ఏదైనా తినిపించాలి. సంచిలో బిస్కెట్లు, అరటిపళ్ళు ఉంచుకోండి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన బండిలో వదలవద్దు, మంచుగడ్డకు తగిలేలా పెట్టవద్దు.

అక్కడి కుకుల్కాన్ పిరమిడ్ సుమారు 30 మీటర్ల ఎత్తు. నాలుగు వైపులా ఒక్కొక్క వైపు 91 మెట్లు, పైన అరుగుతో కలిపి 365. ఏడాదికెన్ని రోజులో అన్ని! ఇప్పుడు ఎక్కనివ్వరు. మోకాళ్ళ నొప్పులవారికి ఇది శుభవార్తే. ఎదుట నిలబడి చప్పట్లు కొడితే పక్షి కూతలాంటి ప్రతిధ్వని వినిపిస్తుంది. అయితే చుట్టూ మైదానం, నీడ తక్కువ. గొడుగు, టోపీ ఉండాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక చెప్పులు కాక మెత్తని బూట్లు వేసుకోండి. మధుమేహం ఉన్నవారు రాత్రికి పాదాలు చూసుకోవాలి.

చాలా బస్సులు తిరుగుదారిలో ‘సెనోటే’ అనే సహజమైన లోతు బావి దగ్గర స్నానానికి ఆపుతాయి. మెట్లు తడిగా ఉంటాయి, నీళ్ళు చల్లగా ఉంటాయి. గుండెజబ్బు ఉన్నవారు, కాళ్ళకు పుండ్లు ఉన్నవారు ఒడ్డున కూర్చుంటే చాలు. దిగేవారు తేలే కోటు తొడుక్కోవాలి.

కుళాయి నీళ్ళు తాగవద్దు. మూతకు సీలు ఉన్న సీసానీళ్ళే తాగండి. దారిపక్క కోసి అమ్మే పళ్ళముక్కలు ముట్టవద్దు. శాకాహారులు ఒకటి గమనించాలి: అక్కడ చిక్కుడుగింజల కూరను పందికొవ్వుతో వండే అలవాటు ఉంది. అడిగి తినండి. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు, దోమలు కుట్టకుండా రాసుకునే మందు వెంట ఉండాలి. అక్కడ డెంగీ ఉంది. అమెరికాలో తీసుకున్న ఆరోగ్య బీమా మెక్సికోలో పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి.

తలనొప్పి, వాంతి, నీరసం కనిపిస్తే నీడకు చేర్చి, పడుకోబెట్టి, కొద్దికొద్దిగా నీళ్ళు పట్టండి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే 911కు ఫోను చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఒళ్ళంతా తడిపి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. పారాసెటమాల్ దీనికి పనిచేయదు.

చిచెన్ ఇట్సా అంటే ‘ఇట్సా వారి బావి ముంగిలి’ అని అర్థం. నేలమీద నదులు లేని ఆ ప్రాంతంలో మాయా ప్రజలు బావులను నమ్ముకొని నగరం కట్టుకున్నారు. నీళ్ళు మానుకొని చూడవలసిన ఊరు కాదది.

చివరగా పిల్లలకొక మాట. “అమ్మా, బస్సు ఆపించమంటావా?” అని అడగకండి. ఆమె వద్దంటుంది. అడగకుండానే ఆపించండి.