కిలో బరువుకూ లెక్క తప్పదు
చంద్రయాన్‌-3 విజయం వెనుక తూకం

సూళ్లూరుపేట: 2017 ఆగస్టు 31న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ39 రాకెట్‌ నిప్పులు చిమ్ముతూ నింగికెగసింది. నాలుగు దశలూ సక్రమంగానే మండాయి. అయినా ప్రయోగం విఫలమైంది. ఉపగ్రహాన్ని కప్పి ఉంచిన ఉష్ణకవచం విడిపోకపోవడమే అందుకు కారణం. రాలిపోవలసిన సుమారు టన్ను బరువును రాకెట్‌ చివరిదాకా మోయవలసి వచ్చింది. ఫలితంగా భూమికి 20,650 కిలోమీటర్ల దూరం వరకు సాగవలసిన కక్ష్య దాదాపు 6,555 కిలోమీటర్లకే పరిమితమైంది. 1,425 కిలోల ఉపగ్రహం కవచంలోనే బందీ అయింది.

అంతరిక్ష వాహనాల రూపకల్పనలో బరువు ఎంతటి నిర్ణయాత్మక అంశమో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు. రాకెట్‌ మొదటి దశలో కొన్ని కిలోలు పెరిగినా ఆ ప్రభావం స్వల్పమే. చిట్టచివరి దశలో పెరిగే ప్రతి కిలోకూ ఒక కిలో ఉపగ్రహ బరువును వదులుకోవలసిందే. అందుకే ఒక విభాగం బరువు పెంచమని కోరితే, మరొక విభాగం తగ్గించుకోక తప్పదు.

ఐదో ఇంజిన్‌కు స్వస్తి

ఈ సూత్రానికి చక్కని నిదర్శనం చంద్రయాన్‌-3. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్‌-2 ల్యాండర్‌ చంద్రునిపై కూలిపోయింది. ఇంజిన్లు అనుకున్నదానికన్నా కొంత అధిక శక్తిని ఇవ్వడం, ఆ తేడాలు పేరుకుపోవడం, నౌక వేగంగా తిరగలేకపోవడం ఇందుకు కారణాలని ఇస్రో గుర్తించింది. దిగవలసిన స్థలం 500 మీటర్ల చదరమే కావడం మరో చిక్కు.

లోపాలు తెలిశాక అన్నింటినీ బలోపేతం చేయాలనుకోవడం సహజం. ఇంధనం పెంచారు. సెకనుకు 3 మీటర్ల వేగంతో తాకినా తట్టుకునేలా కాళ్లను దృఢపరిచారు. వేగాన్ని కొలిచే లేజర్‌ పరికరాన్ని చేర్చారు. ల్యాండర్‌ బరువు 1,471 కిలోల నుంచి 1,752 కిలోలకు చేరింది. అయితే మొత్తం నౌక బరువు 3,850 నుంచి 3,900 కిలోలకు మాత్రమే పెరగడం గమనార్హం.

ఇది ఎలా సాధ్యమైంది? పాత ఆర్బిటర్‌ చంద్రుని చుట్టూ పనిచేస్తూనే ఉన్నందున కొత్తది పంపలేదు. దాని స్థానంలో తేలికపాటి చోదక విభాగాన్ని అమర్చారు. ల్యాండర్‌ మధ్యనున్న ఐదో ఇంజిన్‌ను తొలగించారు. మరికొన్ని మార్పులకు అసలు బరువే లేదు. సాఫ్ట్‌వేర్‌ను సవరించారు, దిగే ప్రాంతాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించారు.

కావడి సూత్రం

బరువు తగ్గితే చాలదు, సమంగా ఉండాలి. కావడిలో ఒక కుండ ఖాళీ అవుతుంటే మోసేవాడు భుజం సర్దుకోక తప్పదు. దిగే సమయంలో ఇంధనం క్షణక్షణం కరిగిపోతుంటే నౌక గరిమనాభి కూడా మారుతుంది. ఇంజిన్ల తోపుడు దానికి పక్కగా పడితే నౌక ఒరిగిపోతుంది. అందుకే తొట్లను, నాలుగు ఇంజిన్లను మధ్యరేఖకు సమానంగా అమరుస్తారు. 2023 ఆగస్టు 23న విక్రమ్‌ చంద్రునిపై నిటారుగా నిలవడంలో ఈ తూకం పాత్ర ఎంతో ఉంది.

మోయలేనిది పంచుకోవడమే

చంద్రశిలల నమూనాలు తెచ్చే చంద్రయాన్‌-4కు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. ఆ బరువు ఒక్క రాకెట్‌కు మించినది. కనుక రెండు ఎల్‌వీఎం-3 రాకెట్లలో భాగాలను పంపి అంతరిక్షంలో జతచేయాలని తలపెట్టారు. స్పేడెక్స్‌ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న అనుసంధానమై ఆ దారికి భరోసా ఇచ్చాయి. అవి బయలుదేరినదీ శ్రీహరికోట నుంచే.

ఏమి చేర్చాలన్నది ఎవరైనా చెప్పగలరు. ఏమి వదులుకోవాలో తేల్చడంలోనే ఇంజినీరు నేర్పు ఉంది. 2017 నాటి వైఫల్యమూ, 2023 నాటి విజయమూ చాటుతున్నది ఈ సత్యాన్నే.