వెంటిలేటర్‌కు బడ్జెట్ ఉంది, నడిపేవాళ్లకు పోస్టు లేదు

మా చిన్నాన్న కూతురు బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ పూర్తి చేసి ఈ మధ్యే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేరింది. మా రెండు ఇళ్లలో రోగిగానో, స్వీపర్‌గానో కాకుండా డిగ్రీ పట్టుకుని ఆసుపత్రిలో అడుగుపెట్టిన మొదటి మనిషి తనే. ఆఫర్ లెటర్‌లో హోదా 'ట్రైనీ టెక్నీషియన్'. జీతం నెలకు 12,000. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని దాచుకున్నారు. రెండేళ్లలోపు మానేస్తే డబ్బు కట్టి విడిపించుకోవాలట. "అన్నా, గవర్నమెంటులో మా కోర్సుకి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది?" అని ఫోన్లో అడిగింది. ఆరోగ్య రంగంలోని శ్రమ మీద పీహెచ్‌డీ చేస్తున్న నేను ఆ ప్రశ్నకు తడబడ్డాను.

తను చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. వెంటిలేటర్ మీదున్న మనిషికి ఎంత ఆక్సిజన్, ఎంత ఒత్తిడితో వెళ్తోందో కనిపెట్టి ఉండాలి. మణికట్టు ధమని నుంచి రక్తం తీసి ఏబీజీ రిపోర్టు చదవాలి. గొంతులోని గొట్టం కఫంతో మూసుకుపోకుండా సక్షన్ చేయాలి. రోగిని యంత్రం నుంచి మెల్లగా సొంత ఊపిరికి మళ్లించడంలో డాక్టర్ పక్కన నిలబడాలి. అర్ధరాత్రి అలారం మోగితే ముందు పరుగెత్తేది తనే. ఇంత చదువు, ఇంత నైపుణ్యం ఉన్న పనిని మన ఆసుపత్రులు 'కఫం తీసే పని'గానే చూస్తాయి. ఒంటి మలినాన్ని ముట్టుకునే చేతిని చిన్నచూపు చూడటం ఈ దేశానికి ఎవరు నేర్పారో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు. శ్రమ విభజన పేరు చెప్పి కులాన్ని సమర్థించే వాదనను అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తిప్పికొట్టారు. ఆ వాదన ఇప్పుడు తెల్ల కోటు వేసుకుని ఐసీయూలో తిరుగుతోంది.

కోవిడ్ కాలాన్ని గుర్తు చేసుకుందాం. 2020 మే నెలలో పీఎం కేర్స్ నిధి నుంచి 50,000 వెంటిలేటర్లకు సుమారు 2,000 కోట్లు ప్రకటించారు. ఏడాది తిరిగి రెండో వేవ్ వచ్చేసరికి అనేక రాష్ట్రాల్లో ఆ యంత్రాలు మూలన పడి ఉన్నట్టు బయటపడింది. కొన్ని చెడిపోయాయి, కొన్నింటిని అసలు బిగించలేదు, కొన్నిచోట్ల నడిపేవాళ్లు లేరు. 2021 మేలో స్వయంగా ప్రధానమంత్రే ఆడిట్ చేయమన్నారు. యంత్రం కొంటే ఫొటో వస్తుంది, రిబ్బన్ కట్ చేయొచ్చు. పోస్టు మంజూరు చేస్తే జీతం, పెన్షన్, రోస్టర్ వస్తాయి. రాజ్యం దేన్ని ఎంచుకుందో చూశాం.

నా అసలు ఆరోపణ ఆ రోస్టర్ దగ్గరే ఉంది. రిజర్వేషన్ రోస్టర్ ఖాళీల మీద కాదు, పోస్టుల మీద నడుస్తుందని 1995లో ఆర్.కె. సభర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పోస్టే లేకపోతే రోస్టర్ ఎక్కడ నడుస్తుంది? 45 రోజులు, అంతకుమించి సాగే తాత్కాలిక నియామకాల్లోనూ రిజర్వేషన్ పాటిస్తామని 2023లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. కానీ ఏజెన్సీ ద్వారా తీసుకుంటే ఆ మనిషి ఏజెన్సీ ఉద్యోగి, ఆసుపత్రి ఉద్యోగి కాదు. చేతులు దులుపుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి ఏముంది? ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన ఆప్కాస్, ఔట్‌సోర్సింగ్‌లో కూడా రిజర్వేషన్ వాటా రాయొచ్చని చూపింది. అయినా అది పర్మనెంట్ పోస్టుకు బదులు కాదు. పాత కొలువుల్లో మన వాటాను కోర్టుల్లో, వీధుల్లో కొట్లాడి తెచ్చుకున్నాం. రెస్పిరేటరీ థెరపీ లాంటి కొత్త వృత్తుల్లో ఆ వాటాను పుట్టకముందే చంపేస్తున్నారు. కాలేజీ సీటులో రిజర్వేషన్ ఉంది, కొలువులో లేదు.

'ప్రాణాలతో వ్యవహారం, మెరిట్ చూడొద్దా?' అంటారు. చూడండి! ఏజెన్సీ ఏ పరీక్ష పెట్టింది? ఏ మెరిట్ లిస్టు అతికించింది? తెలిసినవాళ్ల ఫోన్‌కాల్‌తో ఉద్యోగం వచ్చే చోట ఎవరికీ గుర్తురాని మెరిట్, రోస్టర్ అనగానే గుర్తుకొస్తుంది. నోటిఫికేషన్, రాతపరీక్ష, రోస్టర్ అడుగుతున్నది మేమే.

చట్టం లేక కాదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చింది. విద్యా ప్రమాణాలు, రిజిస్ట్రేషన్, రాష్ట్రాలకు మండళ్లు అన్నీ అందులో ఉన్నాయి. అమలు మాత్రం ఎంత నత్తనడకంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికీ రాష్ట్రాలకూ రెండు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. ఇదే డిగ్రీతో సౌదీ వెళ్లాలంటే అక్కడి కమిషన్ పరీక్ష పెట్టి, లైసెన్స్ ఇచ్చి, రెస్పిరేటరీ థెరపిస్టు అనే పేరుతోనే పిలుస్తుంది. అప్పు చేసి వెళ్లగలిగినవాళ్లు వెళ్తారు. మా చెల్లి లాంటివాళ్లు 'ట్రైనీ'గా మిగులుతారు.

మనల్ని మనం కూడా అడగాలి. క్యాంపస్‌లలో సామాజిక న్యాయం అంటే నీట్, ఐఐటీ, ప్రొఫెసర్ పోస్టుల చుట్టూనే తిరుగుతున్నాం. నేనూ అంతే. అవి ముఖ్యమే. కానీ మన ఊళ్ల నుంచి తొలితరం పిల్లలు వెళ్తున్నది ల్యాబ్ టెక్నాలజీ, డయాలసిస్, రెస్పిరేటరీ థెరపీ కోర్సులకు కూడా. వాళ్ల మీద మన సెమినార్లలో ఒక్క పేపర్ ఎందుకు ఉండదు?

డిమాండ్లు చాలా సూటివి. ప్రభుత్వ ఆసుపత్రుల ఐసీయూల్లో వెంటిలేటర్ బెడ్ల లెక్కన, మూడు షిఫ్టులకూ సరిపడా రెస్పిరేటరీ థెరపిస్టు పోస్టులు మంజూరు చేయాలి. వాటిని రోస్టర్ ప్రకారం నింపాలి. ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నవాళ్లకు సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలి. తాత్కాలిక ఉద్యోగులకూ ఈ సూత్రం వర్తిస్తుందని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దాచుకునే ఆసుపత్రులపై కేసు పెట్టాలి. రాష్ట్ర మండళ్లలో ఎస్సీ, ఎస్టీ, బీసీ వృత్తి నిపుణులకు చోటివ్వాలి.

చెల్లికి ఆ రాత్రి చెప్పలేని జవాబు ఇప్పుడు చెప్తున్నాను. నోటిఫికేషన్ దానంతట అది పడదు. పోస్టు కోసం కొట్లాడితేనే పడుతుంది. జై భీమ్.