పలక మీద తొమ్మిది చుక్కలు



పోయిన సెలవుల్లో మా గుడి తెలుగు తరగతి పిల్లల్ని పదకొండు మందిని పోర్ట్ లూయిస్ తీసుకెళ్లాను. ముందు అప్రవాసి ఘాట్, తరువాత బ్లూ పెన్నీ మ్యూజియం. రెండూ మీలో చాలామంది చూసినవే. కానీ ఈసారి మా వెంట చూపులేని ఒక అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి గురించి చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి మీ దగ్గర ఒప్పుకోవాలి.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. ఒక శనివారం ఒక అవ్వ తన మనవరాలిని చెయ్యి పట్టుకుని తరగతికి తీసుకొచ్చింది. పిల్లకు ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే చూపు లేదు. రామభజనం పాటలు మాత్రం మొదటినుంచి చివరిదాకా నోటికి వచ్చు. "టీచరమ్మా, దీనికి కూడా మన అక్షరాలు నేర్పించు" అంది అవ్వ.

నేను సంతోషంగానే ఒప్పుకున్నాను. మనం అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలితోనే కదా మొదటి అక్షరం దిద్దుతాం! ఆ ఆలోచనతో అట్టముక్కల మీద జిగురు రాసి, లావు దారం అంటించి అక్షరాలు చేశాను. రాత్రిళ్లు కూర్చుని చేశాను. చూడటానికి ఎంతో బాగున్నాయి. ఆ పిల్ల ప మీద వేలు తిప్పింది, వ మీద తిప్పింది, మ మీద తిప్పింది. "ఇది కూడా సున్నాయే టీచర్" అంది. నాలుగు శనివారాలు అదే మాట. ఐదో శనివారం నేను అవ్వతో, తెలుగు కంటితో చూసి నేర్చుకునే లిపి అవ్వా, దీనికి పాటలు చాలు అన్నాను. అవ్వ ఎదురు మాట్లాడలేదు. మళ్లీ రాలేదు.

ఆ పిల్ల తన బడిలో అప్పటికే ఫ్రెంచి, ఇంగ్లీషు బ్రెయిలీలో చదువుతోంది. నేను అడిగి ఉంటే తెలిసేది. నేను అడగలేదు.

నాకంటే ముందు ఇదే పొరపాటు చేసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. వాలెంటిన్ హావీ, పారిస్‌లో అంధ బాలలకు బడి పెట్టిన మొదటివాడు. 1780ల నాటి సంగతి. ఆయన మామూలు అచ్చు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా వచ్చేటట్టు చేయించాడు. పిల్లలు చదవగలిగారు, కానీ ఒక్కొక్క అక్షరం చుట్టూ వేలు తిప్పుకుంటూ చదవాలి. పైగా ఆ పద్ధతిలో తాము రాయడానికి వీలు లేదు. ఎందుకంటే అది కంటికి నచ్చే అక్షరం, వేలికి నచ్చేది కాదు.

ఆ బడిలోకే 1819లో పదేళ్ల లూయీ బ్రెయిల్ వచ్చాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్లప్పుడు ఆ పనిముట్లతో ఆడుకుంటుంటే కంటికి గాయమైంది, తరువాత రెండు కళ్లూ పోయాయి. బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కలతో ఒక రాత పద్ధతి కనిపెట్టి ఉన్నాడు. పన్నెండు చుక్కలు ఒక వేలి కొన కింద ఇమడవు. కుర్రవాడు వాటిని ఆరుకు దించాడు. రెండు నిలువు వరసలు, వరసకు మూడు. 1824 నాటికి, అంటే పదిహేనేళ్ల వయసులో, పద్ధతి దాదాపు సిద్ధం. మన పిల్లలు ఆ వయసులో ఏం చేస్తున్నారని నేను అడగను, ఆ మాట అందరు టీచర్లూ అడుగుతూనే ఉంటారు.

మన భాషకు సంబంధించిన సంగతి ఇప్పుడు వినండి. 1951లో భారతదేశంలో అన్ని భాషలకూ కలిపి ఒకే బ్రెయిలీ ఏర్పాటు చేశారు. దాన్ని భారతి బ్రెయిలీ అంటారు. అందులో మన క అక్షరానికి ఇంగ్లీషు కే చుక్కలే. మ అంటే ఎం, ల అంటే ఎల్, ప అంటే పీ. గుణింతం గుర్తులు తలపైనా కాళ్ల కిందా ఉండవు, హల్లు పక్కన అచ్చు వరసగా వస్తుంది. కొత్తగా నేర్చుకోవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. అయినా ఫ్రెంచి బ్రెయిలీ వచ్చిన పిల్లకు తెలుగులో సగం దారి ముందే తెలిసినట్టు. ఎనిమిదేళ్ల పిల్ల ఆ సగం దారి నడిచి వచ్చి నా ముందు కూర్చుంటే, నేను దారం ముక్కలు చేతికిచ్చాను.

మొన్న ఉగాది రోజు గుడిలో ఆ అమ్మాయే గొంతు గుర్తుపట్టి నన్ను పలకరించింది. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. అవ్వ లేదు. భారతి బ్రెయిలీ పట్టిక ఒకటి సంపాదించి తెలుగు తనంతట తానే నేర్చుకుందట. ఎన్నాళ్లు పట్టిందమ్మా అని అడిగాను. "నాలుగు వారాలు టీచర్" అంది. కావాలని అనలేదనుకుంటాను.

మా పిల్లలతో మ్యూజియంకు రమ్మని అడిగింది నేనే. కళ్లకు కట్టడానికి పదకొండు గుడ్డముక్కలు కూడా చించి పెట్టాను. బస్సులో అవి చూపించి, అదే, చేతికిచ్చి చెప్పాను. ఆమె మడతపెట్టి నాకే తిరిగి ఇచ్చింది. "పది నిమిషాలు కళ్లు కట్టుకుంటే వాళ్లకు భయం తెలుస్తుంది. నాకు భయం లేదు కదా టీచర్, మరి అది నా గురించి ఎలా అవుతుంది?" అంది. మన బడుల్లో ఈ ఆట చాలాచోట్ల ఆడిస్తారు. నేనూ ఏళ్ల తరబడి ఆడించాను. ఇక ఆడించను.

అప్రవాసి ఘాట్‌లో మన పిల్లలు ప్రతిసారీ పదహారు మెట్లు లెక్కపెట్టి వచ్చేస్తారు. 1849లో కట్టిన ఆ డిపో గుండానే లక్షల మంది కూలీలు ఈ దేశంలో అడుగుపెట్టారని, 2006లో యునెస్కో గుర్తించిందని చెబితే తల ఊపుతారు. ఈసారి ముట్టుకోవచ్చని చెప్పిన గోడ దగ్గర ఆమె రెండు అరచేతులూ ఆనించి నిలబడింది. పిల్లలూ ఆనించారు. నల్లరాయి ఒకచోట గరుకు, ఒకచోట నున్నన, రాళ్ల మధ్య సున్నం పొడిపొడిగా. మా చిన్నవాడు రాతిలోని చిన్న చిన్న గుంటలు తడిమి, "అక్కా, ఇది కూడా బ్రెయిలీయేనా?" అన్నాడు. అవి కరిగిన రాయి చల్లారేటప్పుడు గాలి బుడగలు చేసిన గుంటలు. "అవును, చాలా పాతది, నాకు చదవడం రాదు" అని ఆమె నవ్వింది. కొరింగి వాళ్లు అని మనల్ని పిలిచేది ఏ రేవు పేరు మీదో కూడా ఆ గోడ పక్కనే చెప్పాను. అరచేతులు రాతి మీద ఉన్నప్పుడు పిల్లలు బాగా వింటారు.

బ్లూ పెన్నీలో ముట్టుకోవడానికి వీల్లేదు, అంతా గాజు వెనకే. 1847 నాటి రెండు స్టాంపులకు రంగు వెలిసిపోకుండా గంటకు కొద్ది నిమిషాలే దీపం వేస్తారు. దీపం వెలగగానే ఆమె అడిగింది: "రాణి ఏ వైపు చూస్తోంది?" ముగ్గురు ఎడమ అన్నారు, ఇద్దరు కుడి అన్నారు, మిగిలినవాళ్లు చూడనేలేదు. మళ్లీ వంగి చూశారు. ఎడమే. ఒకటి నారింజ, ఒకటి నీలం, పక్కన పోస్ట్ ఆఫీస్ అని రాసి ఉంది, అంచులు కత్తిరించినట్టున్నాయి అని పోటీలు పడి చెప్పారు. ఎప్పుడూ ఇంత సేపు ఆ స్టాంపుల్ని ఎవరూ చూడలేదు, నాతో సహా. ఇంతలో దీపం ఆరింది. మేమూ నిలబడిపోయాం, ఏమీ కనబడక.

మీరు పిల్లల్ని తీసుకెళ్లదలిస్తే ముందే ఫోన్ చేసి ఏవి ముట్టుకోవచ్చో అడగండి. అడిగితే లోపలినుంచి ఏదో ఒకటి తెచ్చి ఇచ్చేవాళ్లు ఉంటారు. చూపులేనివాళ్లు ఎవరైనా వెంట వస్తే వాళ్లను పిల్లలకు చూపించే వస్తువుగా కాక, దారి చెప్పే మనిషిగా తీసుకెళ్లండి. పిల్లలు అడగరాని ప్రశ్నలు అడిగితే ఆపకండి. మా తరగతిలో ఒకమ్మాయి, "నీకు ఎప్పుడూ చీకటిగా ఉంటుందా అక్కా?" అని అడిగేసింది. నేను కళ్లెర్రజేసేలోపే జవాబు వచ్చింది: "నీ వీపుకి ఇప్పుడు ఏం కనబడుతోంది? చీకటా?" ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది.

మధ్యాహ్నం కంపెనీ గార్డెన్‌లో మర్రిచెట్టు కింద రొట్టెలు తిన్నాక ఆమె సంచిలోంచి బ్రెయిలీ పలక, పొడిచే పుల్ల తీసింది. కాగితం వెనకవైపునుంచి పొడుస్తారు కనుక కుడినుంచి ఎడమకు రాయాలి. తిప్పితే చుక్కలు ఇటు ఉబ్బుతాయి. పిల్లలకు రాయమని ఇచ్చిన మాట "పలక". ప, ల, క. నాలుగు చుక్కలు, మూడు, రెండు. తొమ్మిది చుక్కలతో మాట అయిపోయింది. సగం మంది ఎడమనుంచి మొదలుపెట్టి తలకిందులు చేశారు. ఆమె ఒక్కొక్క కాగితం మీద వేలు పోనిచ్చి, ఇది పలక, ఇది పలక కాదు అని తేల్చేసింది. బడిలో నేను దిద్దేదానికంటే వేగంగా.

ఇప్పుడు ఆమె నెలకు రెండు శనివారాలు మా తరగతికి వస్తోంది. పిల్లలతో పాటు నేనూ కూర్చుంటున్నాను. యాభై నాలుగేళ్ల వేలికి క, ల తేడా తెలుస్తోంది. ప దగ్గర ఇంకా తడబడుతున్నాను. అలా ఆగిపోయినప్పుడల్లా ఆమె పక్కనుంచి, "ఇది కూడా సున్నాయేనా టీచర్?" అంటుంది.