రఫేల్ ఇంజిన్లకు హైదరాబాద్‌లోనే సర్వీసింగ్.. మరి రిపేర్ హక్కు ఎవరిది?

రఫేల్ యుద్ధ విమానాల ఇంజిన్లకు శంషాబాద్‌లోనే సర్వీసింగ్ జరగబోతోంది. ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్ జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కులో సుమారు రూ.1,300 కోట్లతో కట్టిన లీప్ ఇంజిన్ల కేంద్రాన్ని 2025 నవంబర్ 26న ప్రధాని మోదీ వర్చువల్‌గా ప్రారంభించారు. అది ప్యాసింజర్ విమానాల కోసం. అదే రోజు రఫేల్‌లో వాడే ఎం88 ఇంజిన్ల కేంద్రానికి కూడా శంకుస్థాపన జరిగింది.

నగరానికి ఇది మంచి వార్తే. ఉద్యోగాలొస్తాయి, ఇంజిన్‌ను ఫ్రాన్స్ పంపించే టైమ్ కలిసొస్తుంది. కానీ ఆ కేంద్రం సఫ్రాన్‌ది. వర్క్‌షాప్ మన ఊళ్లో ఉండటం వేరు, రిపేర్ చేసుకునే హక్కు మన సైన్యానికి ఉండటం వేరు.

ఏంటీ రిపేర్ హక్కు?

ఎయిర్‌ఫోర్స్ 36 రఫేల్స్ కొంది. నేవీ కోసం మరో 26 విమానాలకు 2025 ఏప్రిల్‌లో సంతకాలయ్యాయి. విమానానికి రెండు చొప్పున, స్పేర్‌లు కాకుండానే 124 ఇంజిన్లు. వీటిలో ఏది చెడినా సొంతంగా బాగు చేసుకోవాలంటే డ్రాయింగ్స్, మాన్యువల్స్, లోపాన్ని పట్టే సాఫ్ట్‌వేర్, పార్ట్‌లు వేరేచోట చేయించుకునే అనుమతి ఉండాలి. ఇవి ఒప్పందంలో ఎంతవరకు రాసుకుంటే అంతవరకే దక్కుతాయి.

అమెరికాకూ తప్పని తలనొప్పి

అమెరికా సైన్యానిదీ ఇదే గోడు. బ్లాక్ హాక్ హెలికాప్టర్‌లో ఒక చిన్న నాబ్ పాడైతే 47 వేల డాలర్లు పెట్టి స్క్రీన్ సెట్ మొత్తం కొనాల్సి వస్తోందని, ఆ నాబ్‌ను తామే 15 డాలర్లకు చేసుకోగలమని ఆర్మీ సెక్రటరీ డాన్ డ్రిస్కాల్ చెప్పారు. రిపేర్ హక్కు నిబంధనలు 2025లో కాంగ్రెస్ రెండు సభల రక్షణ బిల్లుల్లోనూ చేరాయి. డిసెంబర్‌లో వచ్చిన తుది బిల్లులో మాత్రం మాయమయ్యాయి. ఏళ్ల పరిశోధనతో సంపాదించిన టెక్నాలజీని ఊరికే ఇచ్చేయలేమన్నది కంపెనీల వాదన. అందులో కొంత న్యాయం ఉంది. అందుకే డేటాకు ధర కట్టి కొనుక్కోవాలి.

మనకు తెలిసిన పాఠమే

1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలతో స్పేర్‌లు అందక నేవీ సీకింగ్ హెలికాప్టర్లు మూలన పడ్డాయి. బోఫోర్స్ కథ దీనికి రివర్స్. 1986 డీల్‌లో వచ్చిన డ్రాయింగ్స్ ఏళ్ల తరబడి పక్కన పడున్నాయి. చివరికి వాటి ఆధారంగానే జబల్‌పూర్‌లో ధనుష్ శతఘ్ని తయారై, 2019లో ఆర్మీ చేతికొచ్చింది. కాగితాలు చేతిలో ఉంటే లేటైనా పని జరుగుతుందన్నమాట.

హైటెక్ సిటీలో తెలివికి కొదవ లేదు. మాదాపూర్‌లోని సైయెంట్ లాంటి కంపెనీలు విదేశీ ఇంజిన్ తయారీదారులకు ఎప్పటి నుంచో ఇంజినీరింగ్ సేవలు అందిస్తున్నాయి. అయితే పని ఇక్కడ జరిగినా, దాని మీద హక్కు సాధారణంగా క్లయింట్‌దే.

సంతకం పెట్టేవరకే కొనేవాడి మాట చెల్లుతుంది, ఆ తర్వాత అమ్మేవాడిదే పైచేయి. అందుకే రేపు ఏ విమానం కొన్నా, సర్వీస్ సెంటర్ ఎక్కడ అన్న ప్రశ్నతో పాటు డేటా ఎవరి దగ్గర ఉంటుందన్నది కూడా ముందే తేల్చుకోవాలి.